24 బిట్లన్నారు, తూచి చూశారా?

పాత క్యాసెట్లను డిజిటల్ చేసిచ్చే చోట రెండు రేట్లు చెప్పేవాళ్లున్నారు. మామూలు కాపీకి ఒకటి, "24 బిట్ స్టూడియో క్వాలిటీ"కి ఇంకొకటి. రెండో రేటు కట్టినాయన చేతికి పెన్‌డ్రైవ్ వస్తుంది. ఇంటికెళ్లి కంప్యూటర్లో పెట్టి ప్రాపర్టీస్ తెరిస్తే 24 అనే కనిపిస్తుంది, ఇంకేం కావాలి? (డిజిటల్ ధ్వని అంటే సెకనుకు వేలసార్లు తీసిన కొలతలు. ఒక్కో కొలత ఒక శాంపిల్, దాన్ని రాసే అంకె పొడవు బిట్లు, సెకనుకు ఎన్ని వేలసార్లు కొలిచారన్నది కిలోహెర్ట్జ్.) తాతగారి హరికథ, అమ్మమ్మ పాడిన మంగళహారతులు, పెళ్లినాటి సన్నాయి, లోపల ఏదైనా సరే, గంట క్యాసెట్టు 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్‌లో అయితే 635 ఎంబీ. అదే 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్‌లో అయితే 2 జీబీ దాటుతుంది. డబ్బూ ఎక్కువే, జాగా ఎక్కువే. మరి సరుకు?

గుంటూరు మిర్చియార్డులో టిక్కీ మీద రాసిన అంకె చూసి ఎవరూ సొమ్ము లెక్కపెట్టరు. సంచిలో చెయ్యి పెట్టి అడుగునుంచి నాలుగు కాయలు లాగి, రంగు చూసి, తేమ చూసి, అప్పుడు ధర మాట్లాడతారు. ఆడియో ఫైలు దగ్గరికొచ్చేసరికి మాత్రం సంచి మీది అంకెతోనే బేరం అయిపోతోంది. నేను చెప్పదలచుకున్నది ఇది: 24 బిట్లన్న మాటకు రుజువు అడగాలి. ఆ రుజువు ఇంట్లోనే, పైసా ఖర్చు లేకుండా తీసుకోవచ్చు. రుజువు దొరికాక కూడా ఆ అంకెను నాణ్యత అనుకోకూడదు. చాలామంది మొదటి సగంతో ఆగిపోతారు, అసలు గొడవ రెండో సగంలో ఉంది.

ఒక ఫైలుకు మూడు లోతులుంటాయి. హెడర్లో, అంటే ఫైలు మొదట్లోని చీటీలో, రాసుకున్నది ఒకటి. శాంపిళ్లలో నిజంగా కదులుతున్న బిట్లు రెండోది. ఆ కదిలేవాటిలో పాట ఎంత, రొద ఎంత అన్నది మూడోది. దుకాణం చెప్పేది మొదటిది, సాఫ్ట్‌వేర్ పట్టుకునేది రెండోది, మన చెవికి పనికొచ్చేది మూడోది. ఈ మూడింటినీ ఒకే మాటతో పిలవడం వల్లే సగం వాదులాటలు.

బిట్‌కు సుమారు 6 డీబీ (డెసిబెల్, ధ్వని మట్టానికి కొలత) చొప్పున లెక్క. 16 బిట్లంటే 65,536 మెట్లు, 96 డీబీ. 24 బిట్లంటే 1,67,77,216 మెట్లు, 144 డీబీ. 16 బిట్ల అంకెను 24 బిట్ల గదిలోకి మార్చడానికి పెద్ద విద్యేమీ అక్కర్లేదు, 256తో గుణిస్తే సరి. అడుగున 8 సున్నాలు చేరతాయి. పాట చెడదు, బాగుపడదు. దీన్నే ప్యాడింగ్ అంటున్నారు.

కళ్లతో చూడాలంటే వేవ్ ఫైలును (కుదించని ఆడియో ఫైలు) ఏదైనా హెక్స్ ఎడిటర్లో (బైట్లను ఉన్నవి ఉన్నట్టు చూపించే సాఫ్ట్‌వేర్) తెరవండి. పాతకాలపు మామూలు వేవ్ హెడర్ 44 బైట్లు. సున్నా నుంచి లెక్కపెడితే 34, 35 బైట్లలో బిట్ల సంఖ్య ఉంటుంది. 16 బిట్లయితే హెక్స్‌లో 10 00 అని, 24 అయితే 18 00 అని కనపడుతుంది. ప్రాపర్టీస్ కిటికీ మీకు చూపించే గొప్ప రహస్యం ఈ రెండు బైట్లే. పాట 44 దగ్గర మొదలవుతుంది. అయితే 24 బిట్ ఫైళ్లకు చాలాచోట్ల పొడుగు హెడర్ వాడతారు, అప్పుడు 68 దగ్గర మొదలవుతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు మధ్యలో ఇంకో ముక్క కూడా ఇరికిస్తాయి. అందుకని అంకెలు బట్టీ పట్టకుండా, కుడివైపు అక్షరాల వరుసలో ఇంగ్లిషులో 'డేటా' అన్న నాలుగక్షరాలు వెతకండి. వాటి తరవాతి 4 బైట్లు పాట పొడవు, అవి దాటితే పాటే.

24 బిట్ స్టీరియోలో శాంపిల్‌కు 3 బైట్లు, ఎడమా కుడీ కలిపి 6. వేవ్‌లో అన్నిటికన్నా చిన్న బైటు ముందొస్తుంది. ప్యాడింగ్ చేసిన ఫైలు ఇలా ఉంటుంది:

00 37 12 00 84 09
00 51 12 00 90 09
00 68 12 00 97 09

ప్రతి మూడు బైట్లకూ ఒక 00, పళ్లూడిన దువ్వెనలాగా. నిజంగా 24 బిట్లు కదిలే ఫైలయితే అదే చోట ఇలా ఉంటుంది:

23 37 12 71 84 09
06 52 12 58 90 09
95 67 12 14 98 09

పాట మొదట్లో నిశ్శబ్దం ఉంటే ఏ ఫైలైనా అంతా 00లే చూపిస్తుంది కాబట్టి మధ్యలోకి పోయి చూడాలి.

రోజూ హెక్స్ చూస్తూ కూర్చోలేం. సాక్స్ అనే ఉచిత కమాండ్‌లైన్ పనిముట్టు ఉంది, ఏళ్ల తరబడి నలిగినది. టెర్మినల్లో సాక్స్, ఫైలు పేరు, హైఫన్ ఎన్, స్టాట్స్, ఈ నాలుగు మాటలూ వరసగా ఇంగ్లిషులో కొడితే ఫైలు మొత్తం చదివి ఒక పట్టిక ఇస్తుంది. అందులో బిట్-డెప్త్ వరసలో గీతకు అటూ ఇటూ రెండు అంకెలుంటాయి: 16/16, 21/24 లాగా. దీన్ని తప్పుగా చదివేవాళ్లే ఎక్కువ. ఎడమది అసలు లోతు, కుడిది ఫైలు చెప్పుకున్న లోతు అనుకుంటారు. కాదు. కుడివైపుదే అసలు లోతు, దానికి దిగువనున్న బిట్లన్నీ సున్నాలని అర్థం. ఎడమవైపుది ఆ అంకెలోంచి పైన వాడని బిట్లను తీసేస్తే మిగిలింది, అంటే పాట ఎంత గట్టిగా రికార్డయిందన్నదాన్ని బట్టి మారేది. పీక్, అంటే అతి గట్టి క్షణం, మైనస్ 20 డీబీ దగ్గర (ఫైల్లో పట్టే గరిష్ఠ మట్టం సున్నా) ఆగిన నికార్సైన 24 బిట్ ఫైలు 21/24 చూపిస్తుంది. పైన 3 బిట్లు ఖాళీ, అంతే. అది చూసి "ఇది 21 బిట్లే" అని దుకాణాయన మీదికి వెళ్లిన కస్టమర్‌ది తప్పు. 24 బిట్ డబ్బాలో 16/16 వస్తే మాత్రం దుకాణాయనే సమాధానం చెప్పాలి.

మధ్యస్థంగా 20 లాంటి అంకె వస్తే మోసమని తేల్చేయొద్దు. ఒకప్పటి కొన్ని డిజిటల్ రికార్డర్లు 20 బిట్లవే, వాటినుంచి తెచ్చింది 24 గదిలో 20గా కనపడటం నిజాయతీ. డీఏటీ (డిజిటల్ ఆడియో టేప్) అయితే 1987లో వచ్చినప్పటి నుంచీ ప్రధానంగా 16 బిట్లదే. 1990ల నాటి డీఏటీ మాస్టర్ తప్ప ఇంకేమీ మిగల్లేదని చెబుతూనే దాన్ని 24 బిట్ అని అమ్మేవాళ్ల దగ్గర ఒక్క ప్రశ్న చాలు: అడుగు 8 బిట్లూ ఎక్కణ్నుంచి వచ్చాయి?

ఇక సాక్స్‌కున్న పెద్ద లోపం. అది ఫైలు మొత్తానికి కలిపి ఒకే తీర్పు చెబుతుంది. కోటి శాంపిళ్లలో ఒక్క శాంపిల్‌లో అడుగుబిట్టు కదిలినా 24 అనేస్తుంది. 16 బిట్ పాటను 24లోకి మార్చి, చివర 3 సెకన్ల ఫేడ్‌అవుట్ పెట్టారనుకోండి. ఆ 3 సెకన్లలో గుణకారాల వల్ల అడుగుబిట్లన్నీ నిండుతాయి, ఫైలు మొత్తానికీ 24/24 సర్టిఫికెట్ వచ్చేస్తుంది. అందుకని ముక్కలుగా చూడాలి. స్టాట్స్ ముందు ట్రిమ్ 60 10 అని చేర్చితే 60 సెకన్లు దాటేసి 10 సెకన్లు మాత్రం చదువుతుంది. మొదట్లో ఒకటి, నడుమ రెండు, చివర ఒకటి తీయండి. నడిమి ముక్కల్లో 16, చివర 24 వస్తే కథ అర్థమైపోయినట్టే.

ఏ పనిముట్టూ వేయడం ఇష్టం లేనివాళ్లకు ఫ్లాక్ (ఏమీ పోగొట్టకుండా కుదించే ఫార్మాట్) ఒక దొడ్డిదారి. ఫ్లాక్ ఎన్‌కోడర్ శాంపిళ్ల అడుగున ఊరికే పడున్న సున్నాలను గుర్తుపట్టి, ఇన్ని బిట్లు వృథా అని ఒక్కచోట రాసుకుని వాటిని మోయడం మానేస్తుంది. కాబట్టి ప్యాడింగ్ చేసిన 24 బిట్ ఫ్లాకూ, దాని 16 బిట్ ఫ్లాకూ ఇంచుమించు ఒకే సైజులో తేలతాయి. నిజంగా 24 కదులుతుంటే అడుగు 8 బిట్లలో ఉండేది దాదాపు పూర్తిగా రొదే. రొద కుదించుకోదు. 44.1 కిలోహెర్ట్జ్ స్టీరియోలో 8 బిట్లకు సెకనుకు 705.6 కిలోబిట్లు, 96 కిలోహెర్ట్జ్‌లో 1,536. రెండు ఫ్లాక్‌ల బిట్‌రేట్లకూ మధ్య తేడా దగ్గరదగ్గరగా అంత ఉండాలి. 24 బిట్, 44.1 ఫ్లాక్ 750 దగ్గర నడుస్తుంటే, పాట మరీ పలచనిదో మోనోనో అయితే తప్ప, అనుమానించండి. ఇదే మాటను తిరగేసి చూడండి: హైరెస్ (24 బిట్ల పేరుతో అమ్మే ఫైలు) కొన్నవాడు అదనంగా మోసుకెళ్లే 700 కిలోబిట్లలో ఎక్కువభాగం రొద. ఈ ముక్క వినగానే కొంతమందికి కోపమొస్తుంది, రానివ్వండి.

ఇంతవరకూ పట్టుబడేవాళ్లు అమాయకులు. కాస్త పని తెలిసినవాళ్లు సున్నాలు వదిలిపెట్టరు. 16 బిట్ పాటను 24లోకి తెచ్చి వాల్యూమ్ ఒక్క డీబీ తగ్గిస్తారు, అంతే, అడుగుబిట్లన్నీ నిండిపోతాయి, సాక్స్ 24 అంటుంది. మోసమే అక్కర్లేదు, నార్మలైజ్ (పాట మట్టాన్ని ఒక లెక్కకు సర్దే) బటన్ నొక్కినా ఇదే జరుగుతుంది. మిర్చి మీద నీళ్లు చల్లినట్టు: తూకం పెరిగింది, కాయ పెరగలేదు.

దీన్ని పట్టడానికి బిట్లు కాదు, విలువలు లెక్కపెట్టాలి. 16 బిట్ పాటలో ఎన్ని కోట్ల శాంపిళ్లున్నా వేర్వేరు విలువలు 65,536కు మించవు. అన్నిటినీ ఒకే అంకెతో గుణిస్తే విలువలు మారతాయి, వాటి సంఖ్య మారదు. పైగా వాటి మధ్య ఎడం గడియారంలా ఉంటుంది. మైనస్ 1 డీబీ అంటే 0.891తో గుణించడం. 256 మెట్ల ఎడం 228.16 అవుతుంది. పూర్ణాంకాలకు సర్దాక పక్కపక్క విలువల మధ్య ఎడం 228, 228, 228, అప్పుడప్పుడు 229. నిజమైన 24 బిట్ రికార్డింగ్‌లో ఎడాలు 1, 3, 2, 7, 1 లాగా గజిబిజిగా ఉంటాయి.

పైథాన్ కాస్త తెలిస్తే ఐదు నిమిషాల పని. సౌండ్‌ఫైల్ అనే లైబ్రరీతో ఫైలును 32 బిట్ పూర్ణాంకాలుగా చదవండి. 24 బిట్ విలువ ఎడమకు 8 స్థానాలు జరిగి వస్తుంది కనుక ముందు 256తో భాగించండి. పాటలో తక్కువ గొంతున్న 10 సెకన్ల ముక్క తీసుకోండి, అక్కడైతే విలువలన్నీ సున్నా చుట్టూ దట్టంగా ఉంటాయి. నంపైలోని యునీక్‌తో వేర్వేరు విలువలు వరసబెట్టి, డిఫ్‌తో ఎడాలు చూడండి. అన్నీ 256 అయితే ఉత్త ప్యాడింగ్. 228, 229 మాత్రమే అయితే 228.16ను 256తో భాగించి, ఎంత డీబీ తగ్గించారో కూడా చెప్పేయొచ్చు. దొంగ వదిలిన వేలిముద్రే. గట్టిగా మోగే చోట ఈ పరీక్ష పెడితే విలువలు దూరదూరంగా పడి ఏదీ తేలదు.

ఈక్వలైజర్ పెట్టినా, 44.1ని 96కు మార్చినా, రివర్బ్ చేర్చినా ఈ వేలిముద్ర చెరిగిపోతుంది. ఎందుకంటే అప్పుడు ప్రతి కొత్త విలువా పక్కనున్న ఎన్నో పాత విలువల మిశ్రమం. ఇక విలువల్లో వెతికి లాభం లేదు, రొదలో వెతకాలి. 16 బిట్లకు సవ్యంగా దింపేటప్పుడు డిథర్ అనే సన్నని రొద కావాలని కలుపుతారు. మామూలు త్రికోణపు డిథర్‌తో 16 బిట్ల అడుగు మట్టం ఆర్‌ఎంఎస్ (ఒక రకం సగటు) లెక్కలో మైనస్ 96.3 డీబీ. డిథర్ లేకుండా దగ్గరి పూర్ణాంకానికి సర్దేస్తే మైనస్ 101 చిల్లర. సాక్స్ పట్టికలో ఆర్‌ఎంఎస్ టీఆర్ డీబీ అన్న వరస ఉంటుంది, ఫైలంతటిలో అతి నిశ్శబ్దమైన క్షణం మట్టం అది. పాట మొదలయ్యే ముందరి అర సెకనులో 24 బిట్ ఫైలు సరిగ్గా మైనస్ 96 దగ్గర తచ్చాడుతుంటే అది ఒకసారి 16 బిట్ల గుమ్మం దాటొచ్చిందని గట్టి అనుమానం. ఫేడ్‌అవుట్‌లో కొలవొద్దు, తరవాత పెట్టిన ఫేడ్ ఆ రొదను కూడా తొక్కేస్తుంది. సభలో చేసిన రికార్డింగ్‌లో కూడా పనికిరాదు, ఫ్యాన్లూ దగ్గులూ మైనస్ 60 దగ్గరే అడ్డం కూర్చుంటాయి.

అదే పాట సీడీ కూడా మీ దగ్గరుంటే వీటన్నిటికన్నా తిరుగులేని పరీక్ష ఒకటుంది. రెండు ఫైళ్లనూ ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లో పక్కపక్క ట్రాకుల్లో పెట్టి, శాంపిల్‌కు శాంపిల్ కుదిర్చి, ఒకదాన్ని ఇన్వర్ట్ చేసి (అలను తలకిందులు చేసి) కలిపేయండి. మిగిలినదే సాక్ష్యం. ఏమీ మిగలకపోతే 24 బిట్ ఫైలు సీడీయే. మైనస్ 144 ప్రాంతంలో ఆవగింజంత రొద మిగిలితే సీడీకి 24 బిట్ల డిథర్ రాసి తెచ్చారు. మైనస్ 96 నుంచి 101 మధ్య రొద మిగిలితే 24 బిట్ ఫైల్లోంచే సీడీ తీశారు, మీ ఫైలు నిజమైనది. షేప్డ్ డిథర్ (రొదను చెవికి తక్కువ వినిపించే చోటికి నెట్టేది) వాడి ఉంటే మిగిలిన రొద ఇంకాస్త ఎక్కువగా ఉండి, పై ఫ్రీక్వెన్సీల్లో గుట్టగా పోసినట్టు కనపడుతుంది, అదీ మంచి గుర్తే. ఈ పరీక్షకు శాంపిల్ రేటు ఒకటే కావాలి, వాల్యూమ్ ఒకటే కావాలి. ఒక శాంపిల్ పక్కకు జరిగినా పాటే మిగిలిపోయి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది.

బిట్లు నూటికి నూరు, పాట సున్నా

ఎంపీ3కి బిట్ డెప్త్ అనేదే లేదు. అందులో ఉండేవి శాంపిళ్లు కావు, ఫ్రీక్వెన్సీల వర్ణన. డీకోడర్ దాన్ని ఎన్ని బిట్లలో కావాలంటే అన్ని బిట్లలో పోస్తుంది. 24లో పోయించుకుని ఫ్లాక్ చేస్తే పైన చెప్పిన బిట్ల పరీక్షలన్నీ ఫస్టు క్లాసులో పాసవుతాయి: 24/24, ఎడాలన్నీ గజిబిజి, బిట్‌రేటు భారీ. అందువల్ల బిట్లు చూసేముందు స్పెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లో స్పెక్ట్రోగ్రామ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత ధ్వని ఉందో చూపే బొమ్మ) చూడటం అలవాటు చేసుకోండి. 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు గోడ ఉంటే 128 కిలోబిట్ల ఎంపీ3 వాసన. 20 దగ్గర గోడ ఉంటే 320 కావచ్చు.

కావచ్చు అనే అంటున్నాను. ఎఫ్ఎం రేడియోలో ఆడియో 15 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగుతుంది, 19 దగ్గర స్టీరియో పైలట్ గీత ఉంటుంది. మీడియం వేవ్ ఇంకా ఇరుకు. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబర్ 1న మొదలైంది, కోస్తాలో చాలా ఇళ్లలో 837 కిలోహెర్ట్జ్ మీద ముల్లు కదిలేది కాదు. మీడియం వేవ్ స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జే కాబట్టి రిసీవర్లోంచి చెవికి చేరేది 4.5, మహా అయితే 5 కిలోహెర్ట్జ్ దాకానే. అప్పట్లో రేడియోకు టేప్‌రికార్డర్ ఆనించి పట్టిన భక్తిరంజని క్యాసెట్టును ఇవాళ 96 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో ఎక్కించారనుకోండి. స్పెక్ట్రోగ్రామ్‌లో 5 కింద పాట, 5 పైన 15 దాకా క్యాసెట్ హిస్ (టేపు సొంత బుస), ఆ పైన 48 దాకా నల్లటి ఆకాశం. అక్కడక్కడ 15,625 హెర్ట్జ్ దగ్గర సన్నటి గీత కనిపిస్తే పక్కన పాత డబ్బా టీవీ మోగుతోందన్నమాట. దీంట్లో మోసం ఏమీ లేదు, ఎంపీ3 కూడా లేదు. గోడ కనిపించగానే నింద వేయకుండా మూలం ఏమిటో అడగమనేది అందుకే.

గాయకులు ఇంట్లో పాడి వాట్సాప్‌లో పంపిన గొంతును స్టూడియోలో 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ ప్రాజెక్టులో కలపడం ఇప్పుడు మామూలైంది. వాయిస్ నోటుగా వస్తే అది ఓపస్ అనే పద్ధతిలో, కొంత పోగొట్టుకుని, కుదించినది. ప్రాజెక్టు 24 అయినా 32 అయినా పోయినవి పోయినట్టే. అదే ఫైలును డాక్యుమెంటుగా పంపితే బైటు మారకుండా వస్తుంది. ఈ ఒక్క అలవాటు మారితే వచ్చే బాగు, బిట్ డెప్త్ గురించి ఏడాది వాదించినా రాదు.

16 బిట్ల ఫైలు 24 పేరుతో తేలడం వెనక ప్రతిసారీ దురుద్దేశం ఉండదు. తక్కువ ధర యూఎస్‌బీ మిక్సర్లలో చాలావాటిలో ఉండే కోడెక్ చిప్ 16 బిట్లదే. పీసీఎం2902 లాంటివి విప్పి చూస్తే కనపడతాయి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ 24 అని సెట్ చేసినా చిప్ ఇచ్చేది 16. విండోస్‌లో ఆడాసిటీ వాడేవాళ్లు హోస్ట్ (విండోస్ నుంచి ధ్వని తెచ్చే దారి) దగ్గర ఎంఎంఈ వదిలేస్తే పరికరం 24 బిట్లదైనా 16 బిట్లే అందుతాయి, వాసపీకి మార్చాలి. పరీక్ష తేలిక: రికార్డు చేసిన ముక్కను ఏ ఎఫెక్టూ వేయకుండా, ఎగుమతిలో డిథర్ ఆపేసి 24 బిట్ వేవ్‌గా తీసి, సాక్స్‌కు ఇవ్వండి. కుడి అంకె 16 వస్తే పైపు ఎక్కడో సన్నబడింది. కేబులు మారిస్తే బాగుపడేది కాదిది, డ్రైవరో పరికరమో మారాలి. అయితే విండోస్ ఇన్‌పుట్ స్లైడర్ సాఫ్ట్‌వేర్‌లో గుణకారం చేసేదైతే ఇక్కడా 24 అనే అబద్ధం వస్తుందని గుర్తుంచుకోండి, స్లైడర్ 100 మీద ఉంచి చూడండి.

మరి నిజమైన 24 బిట్లు దొరికితే గెలిచినట్టేనా? ఇక్కడే నాకూ హైరెస్ ప్రియులకూ చెడుతుంది. మంచి కన్వర్టర్ల (ధ్వని సంకేతాన్ని అంకెలుగా మార్చే పరికరాల) డైనమిక్ రేంజ్, అంటే అతి గట్టి ధ్వనికీ రొదకూ మధ్య తేడా, 120 డీబీ ప్రాంతం, అంటే 20 బిట్లు. కింది 4 బిట్లు ఆ పరికరం సొంత రొద. గాయకుడి గొంతు మైకు దగ్గర 90 డీబీ, ఏసీ నడుస్తున్న గది 30 డీబీ అనుకుందాం, రైలు కూత పడకుండా తలుపులు బిగించాక కూడా. తేడా 60 డీబీ, 10 బిట్లు. డాల్బీ (హిస్ తగ్గించే ఏర్పాటు) లేని మామూలు క్యాసెట్టు 50 నుంచి 55 డీబీ, మహా అయితే 9 బిట్లు. ఆ 9 బిట్ల కింద ఉన్న 15 బిట్లూ కదులుతూనే ఉంటాయి, ఎందుకంటే హిస్ క్షణం కూడా ఊరుకోదు. సాక్స్ 24/24 అంటుంది, అది నిజమే. మనకు కావాల్సిన నిజం మాత్రం అది కాదు.

అలాగని 24లో రికార్డు చేయొద్దని కాదు. చేయాలి. 24 ఉంటే లెవెల్ భయం లేకుండా పీక్‌లు మైనస్ 12, మైనస్ 18 దగ్గర వదిలేయొచ్చు. బుర్రకథలో వంతగాడు ఒక్కసారి గొంతెత్తినా క్లిప్ కాదు (గరిష్ఠ మట్టం దాటి ధ్వని పగలదు), తగ్గించిన 3 బిట్లకూ నష్టం లేదు. తరవాత హిస్ తగ్గించడం, ఈక్యూ, మిక్సింగ్ పది మెట్లు జరిగినా అంకెలు సర్దడంలో వచ్చే తప్పులు పేరుకోవు. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్ఏ కూడా అనలాగ్ మూలాలకు కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు అనే చెబుతుంది. అది పని చేసేవాళ్ల సౌకర్యం కోసం చెప్పిన మాట. వినేవాడికి అమ్మే మాట కాదు. బాగా లెవెల్ చూసి, డిథర్ వేసి దింపిన 16 బిట్ కాపీనీ 24నీ ఫూబార్2000లో ఏబీఎక్స్ (ఏది ఏదో చెప్పకుండా వినిపించే పరీక్ష) పెట్టి, మామూలు వాల్యూమ్‌లో 20 సార్లలో 15 సార్లు సరిగ్గా చెప్పగలిగినవాళ్లు ముందుకు రావచ్చు.

మరి ప్యాడింగ్ పట్టుకుని ఏం లాభం, చెవికి తేడా లేనప్పుడు? లాభం ఉంది. సున్నాలు పేర్చి 24 అన్నవాడు తెలిసి చేసినా తెలియక చేసినా, తన గొలుసులో ఏం జరుగుతోందో చూసుకోలేదని అర్థం. హెడ్డు అజిమత్ (టేపుకు హెడ్డు ఆనే కోణం) సరిచేయకపోవడం, మధ్యలో ఎంపీ3గా దాచుకోవడం, హిస్ తీసేపనిలో తాళం ధ్వని కూడా నమిలేయడం, ఇవన్నీ చెవికి తెలిసే నష్టాలు. ప్యాడింగ్ వాటికి ముందొచ్చే జ్వరం లాంటిది. క్యాసెట్టు మళ్లీ నడపగలిగే స్థితిలో ఉండగానే ఆ జ్వరం కనిపెడితే తిరిగి ఎక్కించుకునే అవకాశం ఉంటుంది.

కాబట్టి ఇచ్చేటప్పుడే నాలుగు మాటలు చెప్పండి. నార్మలైజ్ వద్దు, నాయిస్ తీయొద్దు, పచ్చి ఫైలు ఇవ్వండి, శుభ్రం చేసింది విడిగా ఇవ్వండి. పీక్‌లు మైనస్ 6 దాటనీయొద్దు. ముఖ్యంగా ఫైలు మొదట్లో డెక్ ఆపి ఉంచి 10 సెకన్లు, తరవాత ఖాళీ టేపు తిరుగుతుండగా 10 సెకన్లు రికార్డు చేయమనండి. ఇంటికొచ్చి ఆ రెండు ముక్కల ఆర్‌ఎంఎస్ విడివిడిగా చూడండి. ఉదాహరణకు డెక్ ఆగినప్పుడు మైనస్ 84, ఖాళీ టేపు మీద మైనస్ 58 వచ్చిందనుకోండి. పీక్ మైనస్ 6కూ ఖాళీ టేపుకూ తేడా 52 డీబీ, మీ క్యాసెట్టు అసలు లోతు ఎనిమిదిన్నర బిట్లు. పరికరాల రొద టేపు రొదకు 26 డీబీ కింద ఉంది, చక్కటి పని, 16 బిట్లలో ఇచ్చినా ఆయనకు దండం పెట్టొచ్చు. ఆ తేడా 10 కన్నా తక్కువ వస్తే ఫైలు 24 అయినా సరే డెక్కో కేబులో ఎర్తో ఎక్కడో లోపముంది, తిరిగి చేయించుకోవాలి. ఆ 20 సెకన్లు వినడానికి బాగోదు, కత్తిరించి ఇస్తామంటారు. ఒప్పుకోకండి.